పెద్ద మంచినీటి చేపలకు చేతివల ఎంపిక

గాలానికి తగిలి అలసిన చేపను ఒడ్డు దగ్గరకో పడవ పక్కకో తెచ్చాక, దాన్ని చుట్టి నిలిపి ఉంచడానికి వాడే కాడ ఉన్న వల చేతివల. వినోదం కోసం గాలం వేసేవారు దీన్ని ల్యాండింగ్ నెట్ అంటారు. విసురు వల, కట్టు వల లాంటివి చేపను పట్టడానికి. చేతివల పని వేరు. చేపను అప్పటికే గాలం పట్టింది. వల చేయాల్సిందల్లా గాలం ఊడదీసేంతవరకు ఆ చేపను నీటిలోనే, వీపు పైకి ఉండేలా, గాయం కాకుండా ఉంచడం. పెద్ద చేపలను పట్టి తిరిగి వదిలేయడం ఆనవాయితీగా మారిన చోటల్లా వల మంచిచెడ్డలను ఈ ఒక్క పనితోనే కొలవాలి. ఎంపికలో జరిగే పొరపాట్లలో చాలా భాగం, దీన్ని చేపను పైకెత్తే సాధనంగా భావించడం వల్ల వచ్చినవే.

అరచేయి పొడవు చేపకు ఏ వలైనా సరిపోతుంది. మీటరు పొడవు దాటిన చేప విషయంలో చట్రం వెడల్పు, సంచి అడుగు ఆకారం, కన్ను (వల గడి) పరిమాణం, దారానికి ఉన్న పూత, ఇవన్నీ ఆ చేప బతుకుతుందా లేదా అన్నదాన్ని తేలుస్తాయి. అంత పెద్ద చేపలు ఏ నీటిలోనైనా తక్కువ. చాలా జాతుల్లో అవి గుడ్లు పెట్టే ఆడ చేపలే. అలాంటి ఒక్క చేప చనిపోతే ఆ చెరువుకో నదికో కలిగే నష్టం చిన్నది కాదు.

ఏ చేపల కోసం

ఈ వలల రూపకల్పనను ఎక్కువగా మలిచిన చేప ఉత్తర అమెరికాలోని మస్కెలంజ్. అక్కడివారు ముద్దుగా మస్కీ అంటారు. పైక్ కుటుంబంలో ఇదే అతి పెద్దది. పొడవాటి శరీరం, బాతు ముక్కులా చదునైన మూతి, నోటి నిండా పళ్లు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లాక్ కూర్ట్ ఒరే సరస్సులో 1949లో పట్టిన 30.6 కిలోల మస్కీ అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం గుర్తించిన రికార్డు. దాని పొడవు మీటరున్నర దాటింది. విస్కాన్సిన్ 1955లో దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. మిన్నెసోటాలో 2015 నుంచి 54 అంగుళాలు, అంటే 137 సెంటీమీటర్లు దాటని మస్కీని ఇంటికి తీసుకెళ్లకూడదన్నది రాష్ట్రమంతటికీ వర్తించే సాధారణ నియమం. అంటే దొరికిన మస్కీల్లో దాదాపు అన్నీ తిరిగి నీటిలోకే వెళ్లాలి. వలపై అంత శ్రద్ధ అక్కడ పుట్టడానికి ఇదే కారణం.

యూరప్‌లో ఇదే స్థానం నార్తర్న్ పైక్‌ది, కార్ప్‌ది. పైక్ రికార్డు జర్మనీలో 1986లో పట్టిన 25 కిలోల చేప. కార్ప్ మనకు పరాయిది కాదు, మన చెరువుల్లో బంగారుతీగ పేరుతో పెరిగేది ఆ జాతే. ఆస్ట్రేలియాలో ముర్రే కాడ్, మంగోలియా నదుల్లో టైమెన్, హిమాలయ నదుల్లోనూ దక్కన్ నదుల్లోనూ మహసీర్ ఇదే కోవలోకి వస్తాయి. వీటన్నిటికీ ఒకే వల సరిపోదు. పైక్ జాతి చేపలను ఎక్కువగా మూడు ముళ్ల గాలాలు వేలాడే కృత్రిమ ఎరలతో పడతారు. కార్ప్‌కు ఒంటి గాలం వాడతారు. మహసీర్ ఉండేది రాళ్ల మధ్య ఉరవడిలో. వల ఎలా ఉండాలన్నది చేప బరువు కన్నా ఈ తేడాల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

కొక్కెం నుంచి వలకు

ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు పెద్ద చేపను ఒడ్డుకు చేర్చే మామూలు సాధనం గాఫ్. కాడ చివర బిగించిన పెద్ద ఇనుప కొక్కెం అది. చేప పక్కలోకి దాన్ని గుచ్చి పైకి లాగేవారు. ఉత్తర అమెరికాలో పడవ పక్కకు వచ్చిన మస్కీని దుడ్డుకర్రతో కొట్టడం, పిస్తోలుతో కాల్చడం కూడా ఉండేవి. చేపను వండుకోవాలనుకున్న రోజుల్లో వీటిని ఎవరూ తప్పు పట్టలేదు. ఇప్పుడు ఇంగ్లండ్, వేల్స్‌లలో మంచినీటి చేపలకు గాఫ్ వాడటం నేరం.

ఇంగ్లండ్‌లో పెద్ద కార్ప్ వేటకు ఒరవడి దిద్దినవారిలో ముఖ్యుడు రిచర్డ్ వాకర్. 1952 సెప్టెంబర్ 13న హెర్‌ఫర్డ్‌షైర్‌లోని రెడ్‌మైర్ కొలనులో ఆయన 44 పౌన్లు, అంటే సుమారు 20 కిలోల కార్ప్‌ను పట్టాడు. దానికి క్లారిస్సా అని పేరు పెట్టారు. ఆ చేపను లండన్ జంతు ప్రదర్శనశాలకు తరలించగా అక్కడి అక్వేరియంలో ఏళ్ల తరబడి బతికింది. ఆ రికార్డు 1980 దాకా నిలిచి, అదే కొలనులో బద్దలైంది. పెద్ద చేపను ప్రాణంతో పట్టవచ్చు, ప్రాణంతో ఉంచవచ్చు అని సామాన్య వేటగాళ్లకు కళ్లకు కట్టిన ఉదంతం ఇది. ఆ తరవాతి దశాబ్దాల్లో అక్కడి కార్ప్ వేటగాళ్ల చేతిలో స్థిరపడిన వల త్రికోణాకారంది. రెండు సన్నని వంగే చేతులు ఒక దిమ్మెలోంచి చీలి బయటకు వస్తాయి, వాటి కొసలను ఒక తాడు కలుపుతుంది. ఒక్కో చేయి పొడవు 42 అంగుళాలు, సుమారు 107 సెంటీమీటర్లు. ఈ కొలత ఇప్పటికీ బ్రిటన్‌లో ప్రామాణికం.

అమెరికాలో ఇదే మార్పును ముందుకు నడిపింది మస్కీస్ ఇంక్ అనే సంస్థ. 1966లో మిన్నెసోటాలో మొదలైన ఈ సంస్థ పట్టిన మస్కీని వదిలేయాలని ప్రచారం చేసింది. చేపను వదిలేయాలి అనుకున్నాక, పాత వలల లోపాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

కన్ను, ముడి, పూత

వల ఎంపికలో మొదట చూడాల్సింది ఇదే. చేప ఒంటి మీద పొలుసుల పైన సన్నని జిగురు పొర ఉంటుంది. అది సూక్ష్మజీవులను, బూజును అడ్డుకుంటుంది, ఒంట్లోని లవణాల సమతౌల్యాన్ని కాపాడటంలో సాయపడుతుంది. గరుకు దారం రాసుకున్న చోట ఆ పొర పోతుంది, కొన్నిసార్లు పొలుసులూ ఊడతాయి. ఆ తరవాత చేప హుషారుగా ఈదుకుంటూ వెళ్లిపోవచ్చు. పట్టినవాడు సంతోషిస్తాడు. రోజుల తరవాత ఆ గాయం మీద సాప్రోలెగ్నియా అనే బూజు తెల్లగా దూదిలా పట్టి, అదే చేపను చంపేయవచ్చు. వదిలిన చేప ఈదుతూ వెళ్లడం ఒక్కటే అది బతికిందనడానికి రుజువు కాదు.

దీని మీద కెనడా శాస్త్రవేత్తల పని బాగా ఉపయోగపడుతుంది. ఒంటారియోలో బ్లూగిల్ అనే చిన్న చేపలపై చేసి 2003లో ప్రచురించిన అధ్యయనం నాలుగు రకాల వలలను పోల్చింది. వల వాడకుండా ఒడ్డుకు చేర్చిన చేపలేవీ చనిపోలేదు. వల వాడినవాటిలో, వల రకాన్ని బట్టి, వారం రోజుల్లో 4 నుంచి 14 శాతం చనిపోయాయి. రెక్కలు చిరగడం, జిగురు పోవడం, పొలుసులు రాలడం ముడులున్న నైలాన్ వలల్లో ఎక్కువగా, రబ్బరు వలలో, ముడిలేని వలలో తక్కువగా కనిపించాయి. 2011లో నార్తర్న్ పైక్, లార్జ్‌మౌత్ బాస్ చేపలపై మరో అధ్యయనం వచ్చింది. చేపను ఫ్లోరసీన్ అనే రంగు కలిపిన నీటిలో ఉంచితే, పైపొర దెబ్బతిన్న చోట ఆ రంగు అంటుకొని అతినీల లోహిత కాంతిలో మెరుస్తుంది. కంటికి కనపడని గాయాలు కూడా అలా బయటపడతాయి. అందులోనూ ముడులున్న నైలాన్ వలదే అన్నిటికన్నా చెడ్డ పేరు. బ్లూగిల్ ఫలితాలను అంకెలతో సహా మస్కీకి అంటగట్టలేం, నిజమే. కానీ బరువు పెరిగేకొద్దీ దారం మీద ఒత్తిడి పెరుగుతుంది తప్ప తగ్గదు కాబట్టి, ముడులున్న వల పెద్ద చేపకు మరింత హానికరమని అనుకోవడమే వివేకం.

ఇంగ్లండ్‌లో ఈ విషయం చర్చ దశ దాటింది. అక్కడి పర్యావరణ సంస్థ నియమాల ప్రకారం చేతివలలో ముడులున్న దారం గానీ లోహపు తీగ గానీ ఉండకూడదు. మన దగ్గర అలాంటి నియమం లేకపోయినా దాన్ని స్వచ్ఛందంగా పాటించడంలో అడ్డేమీ లేదు.

ఇక కన్ను పరిమాణం. ఒంటి గాలంతో పట్టే కార్ప్‌కు చిన్న కన్నున్న మెత్తని వల మంచిది. చేప ఒళ్లు విశాలమైన తలం మీద ఆనుతుంది, రెక్కల ముళ్లు కన్నుల్లోకి దూరి చీలిపోవు. మూడు ముళ్ల గాలాలు వేలాడే ఎరతో మస్కీనో పైక్‌నో పట్టేవారికి అదే వల ప్రమాదం. చేప ఒక్కసారి పొర్లితే బయట వేలాడుతున్న ముళ్లు మెత్తని వలలోకి గుచ్చుకుంటాయి. అప్పుడు చేప నోరు ఒకవైపు, వల మరోవైపు గాలాన్ని లాగుతుంటాయి. దవడ చీలడం, చేప కన్ను పోవడం జరిగేది ఇలాగే. అందుకే ఈ చేపలకు మందమైన దారంతో, పెద్ద కన్నుతో, రబ్బరు లాంటి పూతలో ముంచి తీసిన వల వాడతారు. పూత వల్ల ముల్లు దారపు పోగుల మధ్యకి దూరదు, దూరినా తేలిగ్గా ఊడుతుంది. దారం నీళ్లు పీల్చదు, వాసన పట్టదు.

పూర్తిగా రబ్బరుతో పోత పోసిన వల చేప ఒంటికి ఇంకా మెత్తన. కానీ అది బరువు. చిన్న చేపల వలలో ఆ బరువు తెలియదు. మీటరు వెడల్పు చట్రానికి వేలాడదీస్తే నీటిలో కదిలించడం కష్టం, ఒంటరిగా వేటకు వెళ్లేవారికి దాదాపు అసాధ్యం. పెద్ద చేపలకు పూత పూసిన ముడిలేని నైలానే సరైన మధ్యేమార్గం. పూత శాశ్వతం కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. ఎండకు పగుళ్లిస్తుంది, రాలిపోతుంది. రాలాక మిగిలేది మామూలు దారమే.

సంచి అడుగు

దుకాణంలో వేలాడదీసిన వలను చూసి లోతు ఎంత ఉందో గమనిస్తారు గానీ అడుగు ఎలా ఉందో చాలామంది గమనించరు. గరాటులా కిందికి సన్నబడే సంచిలో పొడవాటి చేప పడితే తల, తోక పైకి లేచి నడుము కిందికి వంగుతుంది. చేప వెన్నెముక నీటి ఆసరాలో పెరిగింది. తన బరువు మొత్తం ఒక వంపు మీద మోయడానికి అది తయారుకాలేదు. పైగా అలా ఇరుక్కున్న చేప మొప్పల మూతలు తెరుచుకోక ఊపిరాడదు. తోక రెక్క చీలిపోయేదీ ఇలాంటి సంచిలోనే.

చదునైన అడుగున్న సంచిలో చేప తిన్నగా, వీపు పైకి ఉండేలా నిలబడగలదు. చట్రాన్ని నీటి మట్టానికి పట్టుకుంటే పడవ పక్కనే ఒక చిన్న మడుగు ఏర్పడినట్టే. చేప అందులో ఊపిరి తీసుకుంటుంది. ఈలోగా పొడుగు ముక్కు పట్టకారు, గాలం కత్తిరించే కట్టర్, కొలబద్ద అన్నీ చేతికి అందేలా పెట్టుకోవచ్చు. లోతు మీటరుకు కాస్త అటూ ఇటూగా ఉండాలి. మరీ లోతు తక్కువైతే చేప ఒక్క ఉదుటున బయటికి దూకుతుంది, మరీ లోతైతే అడుగున చిక్కుకొని తిరగబడుతుంది. మస్కీ వేటగాళ్లు ఈ పద్ధతిని దాదాపు క్రమశిక్షణగా పాటిస్తారు. గాలం ఊడేదాకా చేప తల నీటి పైకి రానివ్వరు. గాలం ఊడదీయడం కష్టమైతే ముల్లును కట్టర్‌తో కత్తిరించి పారేస్తారు. ఎర ఖరీదు గురించి ఆలోచించరు.

ఈ క్రమశిక్షణకు గట్టి ఆధారం ఉంది. ఫెర్గూసన్, టఫ్ట్స్ అనే ఇద్దరు కెనడా శాస్త్రవేత్తలు 1992లో రెయిన్‌బో ట్రౌట్‌పై ప్రచురించిన ప్రయోగంలో, అలసిపోయేదాకా ఈదించి నీటిలోనే ఉంచిన చేపల్లో 12 శాతం చనిపోయాయి. అలసట తరవాత 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో 38 శాతం, 60 సెకన్లు ఉంచినవాటిలో 72 శాతం చనిపోయాయి. ఫోటో కోసం చేపను పైకెత్తి, కెమెరా సరిగా లేదని మళ్లీ ఎత్తేసరికి నిమిషం గడిచిపోతుంది. జాతిని బట్టి, నీటి వేడిని బట్టి ఈ అంకెలు మారతాయి. ఒట్టావా నదిలో రేడియో ట్యాగులు అమర్చి వదిలిన మస్కీలను వెంబడించిన అధ్యయనంలో, జాగ్రత్తగా చూసుకున్న చేపలేవీ వేట కారణంగా చనిపోలేదు. అంటే పెద్ద చేపను పట్టి బతికించడం సాధ్యమే. అందుకు తగిన పరికరాలు చేతిలో ఉండాలి, చూసుకునే ఓపిక ఉండాలి.

చట్రం, కాడ

చట్రాన్ని చేప బరువుతో కాక పొడవుతో లెక్కించాలి. ఆ నీటిలో దొరకగల అతి పెద్ద చేప పొడవులో మూడింట రెండు వంతులైనా చట్రం వెడల్పు ఉండాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. 120 సెంటీమీటర్ల చేపకు 80 సెంటీమీటర్లు. మస్కీ వలల్లో 80 నుంచి 100 సెంటీమీటర్ల చట్రాలు మామూలే. చట్రం ఇరుకైతే చేప ముక్కు లోపల, తోక బయట ఉండిపోతుంది. అప్పుడు వేటగాడు వలతో చేపను తరమడం మొదలుపెడతాడు. గాలపు దారం చట్రానికి తగిలి తెగుతుంది, లేదా బయట వేలాడే ముల్లు చట్రం అంచున వలకు తగులుకొని చేప గాలిలో వేలాడుతుంది. విశాలమైన చట్రమైతే తరమాల్సిన పని లేదు. దాన్ని ముందే నీటిలో ముంచి కదలకుండా పట్టుకోవాలి, చేపను తల ముందుగా అంచు దాటించాలి, ఆ తరవాతే అంచును పైకి లేపాలి. చేప వెనక్కి ఈదడం అరుదు కాబట్టి తల దాటితే ఒళ్లు దాటినట్టే.

గుండ్రటి చట్రం కన్నా ముందు వైపు కాస్త తిన్నగా ఉన్న చట్రం పడవ పక్కన, గట్టు మీద అనుకూలం. లోహపు చట్రాల్లో అల్యూమినియం మేలు. కార్ప్ వలల త్రికోణ చట్రం చేతులు ఫైబర్‌గ్లాస్‌తో గానీ కార్బన్‌తో గానీ చేస్తారు, అవి విడదీస్తే కట్టెపుల్లల్లా సంచిలో ఇమిడిపోతాయి. నాచు, తామర తీగలున్న నీటిలో ముందున్న తాడు తీగలకు చిక్కుకుంటుంది. అక్కడ గట్టి చట్రమే నయం.

కాడ ఎంత గట్టిదైనా దానితో చేపను ఎత్తకూడదు. ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. 15 కిలోల చేప ముందు చేతికి మీటరున్నర దూరంలో ఉందనుకుందాం, రెండు చేతుల మధ్య దూరం అర మీటరు. వెనక చేయి కాడను 45 కిలోల బలంతో కిందికి నొక్కాలి, ముందు చేయి 60 కిలోలు మోయాలి. చేప బరువు వల్ల కలిగే వంపు ఒత్తిడి కాడ, చట్రం కలిసే కీలు మీదా పడుతుంది. చవక వలలు విరిగేది అక్కడే. ఎత్తక తప్పని పరిస్థితిలో కాడను వదిలేసి చట్రాన్ని రెండు వైపులా పట్టుకొని తిన్నగా పైకి తీయాలి. అందుకే కొనేటప్పుడు కాడ పొడవు కన్నా ఆ కీలును పరీక్షించాలి. గుండ్రటి కాడలో చట్రం గిర్రున తిరగవచ్చు. ఆరు పలకలో ఎనిమిది పలకలో ఉన్న కాడ తిరగదు.

పొడవు విషయం నిలబడే చోటును బట్టి తేల్చుకోవాలి. ఎత్తైన గట్టు నుంచి వేసేవారికి ఆరు అడుగుల కాడ కావాలి. పడవలో నీటి నుంచి అంచు ఎంత ఎత్తుందో చూసుకొని జరుపుకొనే కాడ తీసుకోవచ్చు. కయాక్‌లో కూర్చునేవారికి మూరెడు కాడ చాలు. సాల్మన్ వేటగాళ్లు కాడ మీద చట్రం జారేలా చేసిన గై వలను వీపున వేసుకొని నదిలో నడుస్తారు. న్యూజిలాండ్‌లో తయారయ్యే మెక్లీన్ వలల కాడలోనే స్ప్రింగ్ తక్కెడ ఉంటుంది. చేపను వలలోనే తూచి వదిలేయవచ్చు. ఓ మోస్తరు చేపలకు ఇది చక్కటి ఉపాయం. చాలా పెద్దవాటికి మాత్రం తూకపు ఉయ్యాలే (చేపను పడుకోబెట్టి తూచే సంచి) వాడాలి.

ఉయ్యాల వల, వల అక్కర్లేని చేపలు

మస్కీ, పైక్‌ల కోసం వచ్చిన మరో సాధనం ఉయ్యాల వల. రెండు పొడవాటి కర్రల మధ్య వల కట్టి, పడవ పక్కన నీటిలో తెరిచి పట్టుకుంటారు. చేపను మధ్యలోకి నడిపించి కర్రలు రెండూ దగ్గరకు తెస్తారు. చేప నిడివంతా చాచుకొని ఉంటుంది, ఎక్కడా వంగదు. చేప ఒంటి మేలు కోరితే దీనికి మించింది లేదు. ఇద్దరు మనుషులు లేకుండా మాత్రం పని జరగదు. పైగా చేప బాగా అలసిపోతే తప్ప అందులోకి రాదు. అంతదాకా దాన్ని ఆడించడం కూడా హానే. పెద్ద చట్రపు వల వచ్చాక ఉయ్యాల వాడకం తగ్గిందంటే అందుకే.

కొన్ని చేపలు ఏ వలలోనూ పట్టవు. ఇటలీలోని పో నదిలో 2023లో పట్టిన వెల్స్ క్యాట్‌ఫిష్ పొడవు 285 సెంటీమీటర్లు. ఇలాంటివాటిని చేతికి తొడుగు వేసుకొని కింది దవడ పట్టుకొని ఒడ్డు వెంట నీటిలోనే నిలుపుతారు. కెనడాలోని ఫ్రేజర్ నది స్టర్జన్‌లను లోతు తక్కువ నీటిలోకి నడిపించి అక్కడే కొలిచి వదులుతారు. దక్షిణ అమెరికా నుంచి థాయిలాండ్ వేట చెరువులకు తెచ్చిన అరపైమా పరిస్థితి మరీ ప్రత్యేకం. అది నీటి పైకి వచ్చి గాలి పీల్చి బతికే చేప. వలలో తల మునిగి ఉండిపోతే ఊపిరాడక చనిపోతుంది.

మహసీర్ నదుల్లో

మన దేశంలో పెద్ద మంచినీటి చేప అంటే గాలం వేటగాళ్లకు మొదట గుర్తొచ్చేది మహసీర్. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో ప్రచురించిన ది రాడ్ ఇన్ ఇండియా దాన్ని ప్రపంచానికి పరిచయం చేసిన పుస్తకాల్లో ముఖ్యమైంది. 1946లో మైసూరు ప్రాంతపు కబిని నదిలో వాన్ ఇంగెన్ కుటుంబీకుడొకరు పట్టిన 120 పౌన్ల, అంటే 54 కిలోల మహసీర్ ఇప్పటికీ చెప్పుకునే రికార్డు. కావేరి నది మూపురపు మహసీర్‌ను శాస్త్రవేత్తలు 2018లో టోర్ రెమాదేవిగా గుర్తించారు. అది ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదపు అంచున ఉంది. దక్కన్ మహసీర్ కథ మన నీళ్లకు దగ్గరిది. దాన్ని 1839లో సైక్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త వర్ణించింది పుణె దగ్గరి ములా ముఠా నది నుంచి. ఆ నీరు భీమలో కలిసి, భీమ కృష్ణలో కలిసి తెలుగు నేలకు వస్తుంది. లోనావాలాలో టాటా పవర్ సంస్థ 1970ల నుంచి మహసీర్ పిల్లలను పొదిగించి నదులకు, సరస్సులకు పంపుతోంది.

మహసీర్‌కు మస్కీ వల గానీ కార్ప్ వల గానీ యథాతథంగా పనికిరాదు. ఉరవడిలో వల మీద నీటి తోపుడు వేగపు వర్గంతో పెరుగుతుంది. నీటి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలు. చిన్న కన్నున్న లోతైన సంచిని అలాంటి నీటిలో దించితే చేప సంగతి అటుంచి మనిషి నిలవడమే కష్టం. అందుకని కన్ను కాస్త పెద్దదిగా, సంచి లోతు కాస్త తక్కువగా, చట్రం మాత్రం వెడల్పుగా ఉండాలి. వలను ఉరవడిలో దించకూడదు. రాయి చాటున నీరు నిదానించే చోట ముందే ముంచి ఉంచి, చేపను అక్కడికి నడిపించాలి. కావేరిలో పుట్టిలో కూర్చొని గాలం వేసే అలవాటు ఉండేది. పుట్టిలో పక్కకు వాలి పెద్ద వల ఎత్తడం ప్రాణాపాయం. అనుభవజ్ఞులైన అక్కడి సహాయకులు చేప తగలగానే పుట్టిని ఒడ్డుకు చేర్చి, తామే నీటిలోకి దిగి చేపను అందుకునేవారు. నిస్సందేహంగా అది మంచి పద్ధతి. చేప పెదవి వెనక తాడు గుచ్చి గంటల తరబడి కట్టి ఉంచడం మాత్రం మళ్లీ తలెత్తకూడని అలవాటు.

తగిన వల మన దుకాణాల్లో సులువుగా దొరకదు. అయితే ఆక్వా చెరువుల సరంజామా అమ్మేచోట ముడిలేని నైలాన్ వల దొరుకుతుంది. వెల్డింగ్ పనివాడి చేత అల్యూమినియం చట్రం చేయించి, ఆ వలతో చదునైన అడుగు వచ్చేలా సంచి కుట్టించుకోవచ్చు. చేపపిల్లలను పెంచే వల తొట్టెలకు (హాపాలకు) వాడే అతి సన్నని వల మాత్రం తీసుకోకూడదు. అది నీటిని సరిగా దాటనివ్వదు, లాగడానికి బలం చాలదు.

కొన్నాక

వల తడిగా ఉంటే రోగాలను ఒక నీటి నుంచి మరో నీటికి మోస్తుంది. కార్ప్‌లను గుంపులు గుంపులుగా చంపే కోయ్ హెర్పిస్ వైరస్ భయంతో యూరప్‌లోని చాలా వేట చెరువుల దగ్గర వలను మందు నీటిలో ముంచాకే లోపలికి రానిస్తారు. బ్రిటన్‌లో చూడు, కడుగు, ఆరబెట్టు అన్న అర్థం వచ్చే ప్రచారం ప్రభుత్వమే నడుపుతోంది. చెరువు మారినప్పుడల్లా వలను కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. మన కృష్ణా, గోదావరి జిల్లాల చేపల రైతులకు ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. ఆరాక నీడన దాచాలి, పూత ఎక్కువ కాలం నిలుస్తుంది.

వాడే ముందు వలను నీటిలో ముంచి తడపాలి, చేతులూ తడుపుకోవాలి. గాలం మొన వెనకుండే ఎదురుముల్లును పట్టకారుతో నొక్కేస్తే వలలో చిక్కు బాగా తగ్గుతుంది. ఎండాకాలంలో నీటి వేడి 27 డిగ్రీలు చేరితే మస్కీ లాంటి చల్లనీటి చేపల జోలికి వెళ్లకపోవడమే మేలు. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి ఎంత మంచి వలైనా వాటిని కాపాడలేదు. మిన్నెసోటా, మిషిగన్, ఒంటారియోలలో స్థిరపడి సెలవు రోజుల్లో సరస్సుల మీదికి వెళ్లే తెలుగువారు లైసెన్సుతో పాటు ఆ సరస్సుకు వర్తించే కొలత నియమాన్ని కూడా ముందే చదువుకోవాలి.

డబ్బు పరిమితంగా ఉంటే గాలపు కర్ర మీద, రీలు మీద తగ్గించుకోండి, వల మీద తగ్గించుకోకండి. ముందు ముడిలేని దారం, ఆ తరవాత చదునైన అడుగు, ఆ తరవాత చట్రం వెడల్పు చూడండి. తేలిక, మడత, రంగు ఆఖరున. సరిపడా పెద్ద వల మోయలేని చోట చిన్న వలతో సరిపెట్టుకోవద్దు. మోకాలి లోతు నీటిలోకి దిగి, తడి చేతులతో చేపను నీటిలోనే పట్టుకొని గాలం తీసి వదలండి.